మూడో కాన్పు, సర్పంచి పదవి, సరిహద్దుకు రెండు వైపులా రెండు చట్టాలు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గరలోని పల్లె. నా కన్నవారిది ఆంధ్రలో పాతపట్నం వైపు. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు; పెద్దదానికి ఆరేళ్లు, చిన్నదానికి మూడేళ్లు. రెండో కాన్పు సిజేరియన్. మా మిషన్‌ శక్తి మహిళా సంఘంలో లెక్కలు నేనే రాస్తాను కాబట్టి వచ్చే పంచాయతీ ఎన్నికల్లో సర్పంచిగా నిలబడమని ఊళ్లో వాళ్లు అడుగుతున్నారు. ఆశా కార్యకర్త వచ్చినప్పుడల్లా కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ చేయించుకోమంటోంది. మగపిల్లాడు పుట్టేదాకా ఆ మాట ఎత్తొద్దని మా అత్తగారు అంటున్నారు. మా ఆయనేమో, మూడో పురుడు పుట్టింట్లో పోసుకుని, బిడ్డను పిల్లలు లేని మా బావగారికి దత్తత ఇచ్చినట్టు కాగితం రాయిస్తే పోటీకి అడ్డం ఉండదంటున్నారు. మా తమ్ముడు, ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారనే నిబంధన ఆంధ్రలో ఎత్తేశారని, ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోందని చెబుతున్నాడు. ఎవరి మాట వినాలి? ఆపరేషన్‌కు భర్త సంతకం తప్పనిసరా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నలుగురు మనుషులు, రెండు ప్రభుత్వాలు మాట్లాడుతున్నాయి. మీకేం కావాలో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ ఆయన చెప్పిన దత్తత కాగితం సంగతి తేల్చాలి, ఎందుకంటే మిగిలినవన్నీ అభిప్రాయాలు, ఇది ఒక్కటే మీ కుటుంబాన్ని నిజమైన చిక్కులో పడేయగల పని.

ఒడిశా గ్రామ పంచాయతీ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పంచాయతీ పదవులకు అనర్హులు. ఆ సవరణ వచ్చిన నాటికి, లేదా ఆపైన ఇచ్చిన ఏడాది గడువులోపల పుట్టిన పిల్లలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఈ నిబంధన నామినేషన్‌ రోజుతో ముగిసిపోదు. పదవిలో ఉండగా మూడో బిడ్డ పుట్టినా పదవి పోతుంది. ఒడిశాలోనే నువాపడా జిల్లాకు చెందిన ఒక గిరిజన సర్పంచి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన 2002లో ఎన్నికయ్యారు, అదే ఏడాది మూడో బిడ్డ పుట్టింది. ఒక బిడ్డను దత్తత ఇచ్చేశాను కాబట్టి నా కుటుంబంలో ఇద్దరే అని వాదిస్తూ ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. దత్తత ఇచ్చినంత మాత్రాన కన్న సంతానం లెక్క తగ్గదని 2018 అక్టోబరులో ఆ కోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి మీ ఆయన ఆలోచించిన దారి పదహారేళ్ల వ్యాజ్యం తర్వాత ఒకరికి మూసుకుపోయిన దారి.

అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. హిందూ దత్తత చట్టం ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను తిరిగి రద్దు చేసుకునే వీలు లేదు. అంటే మీరు రాయించే కాగితం నిజమైనదైతే ఆ బిడ్డకు చట్టరీత్యా మీరు తల్లి కారు, రేపు మీ మనసు మారినా, మీ బావగారి మనసు మారినా చేయగలిగింది లేదు. ఆ కాగితం ఉత్తుత్తిదైతే ప్రమాణపత్రంలో అబద్ధం చెప్పిన నేరం మీ మీద ఉంటుంది. రెండింటిలో ఏది జరిగినా పదవి దక్కదు. ఇక పాతపట్నంలో పురుడు పోసుకోవడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, తల్లిదండ్రుల పేర్లు మాత్రం అవే ఉంటాయి. ఆ పేర్లు మార్చి రాయిద్దామనే ఆలోచన ఎవరైనా చెబితే, దయచేసి అక్కడే ఆపేయండి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత, ఆ అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఓటరు జాబితా వరకు పుట్టినరోజుకు, పుట్టిన ఊరికి ఆధారం జనన ధ్రువపత్రమే. ఒక ఐదేళ్ల పదవి కోసం రాయించిన తప్పుడు పేరును ఆ బిడ్డ జీవితమంతా మోయాలి. అదీ కాక, పల్లెటూళ్లో ఓడిపోయిన అభ్యర్థి చేసే మొదటి పని అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు తిరగేయడమే. ఆ రెండింటిలోనూ తల్లి పేరు ఉంటుంది.

మీ తమ్ముడు చెప్పింది నిజమే, అయితే అది మహేంద్రతనయ నదికి అటువైపు, ఆంధ్రలో నిజం. ఆంధ్రప్రదేశ్‌ పంచాయతీరాజ్‌ చట్టంలో 1994 నుంచి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అక్కడి శాసనసభ తొలగించింది. ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు చివరిసారి 2022 ఫిబ్రవరిలో జరిగాయి, కాబట్టి తర్వాతివి 2027లో రావాలి. ఈ లోగా ఇక్కడి చట్టం మారుతుందేమో ఎవరూ హామీ ఇవ్వలేరు. నామినేషన్‌ వేసే ముందు బ్లాక్‌ అభివృద్ధి అధికారి (బీడీఓ) కార్యాలయంలో అప్పటి నిబంధన ఏమిటో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పుట్టింటి ఊరి చట్టాన్ని నమ్ముకుని అత్తింటి ఊళ్లో పోటీ చేయడం కుదరదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ప్రభుత్వాలు ఎంత తేలికగా మాట మారుస్తాయో గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే మీ ఆలోచన అంతా వాటి మాట చుట్టూ తిరుగుతోంది. 1952లో ప్రపంచంలోనే అందరికంటే ముందు జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది. అత్యవసర పరిస్థితి కాలంలో అది బలవంతంగా మారింది. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. మహారాష్ట్ర శాసనసభ అయితే ఆపరేషన్‌ను చట్టరీత్యా నిర్బంధం చేసే బిల్లును కూడా ఆమోదించింది, రాష్ట్రపతి ఆమోదం దొరకక అది అమలు కాలేదు. ఆ తర్వాత 1996లో, ఇన్ని ఆపరేషన్లు చేయించాలని లెక్క పెట్టని ‘లక్ష్యాలు లేని విధానం’ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌ 1997లో జనాభా తగ్గింపు కోసం సొంత విధానం తెచ్చుకుంది. ఆనాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే 2024లో మళ్లీ ముఖ్యమంత్రిగా ఎక్కువమంది పిల్లలను కనాలని పిలుపునిచ్చారు. గోడల మీద ఎర్ర త్రికోణం పక్కన ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని రాయించిన ప్రభుత్వాలకు వృద్ధుల సంఖ్య పెరుగుతుందనే దిగులు, జనాభా లెక్కన లోక్‌సభ స్థానాలు పంచితే తమ వాటా తగ్గుతుందనే భయం ఇప్పుడు పట్టుకున్నాయి. ఆ దిగులు న్యాయమైనదే కావచ్చు, నేను కాదనను. కానీ లోక్‌సభ స్థానాల లెక్క కోసం మీరు సిజేరియన్‌ కుట్ల మీద మరో కాన్పు భరించాల్సిన అవసరం లేదు, అలాగే 1994 నాటి జనాభా భయం కోసం మీకు ఇష్టమైన బిడ్డను వదులుకోనక్కరలేదు. చట్టం మీ నిర్ణయానికి ఒక ఖరీదు కడుతుంది. ఆ ఖరీదు ఎంతో తెలుసుకుని లెక్కలో వేసుకోండి, నిర్ణయాన్ని మాత్రం దానికి అప్పగించకండి.

ఆ ఖరీదు కూడా ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతుందని చెప్పక తప్పదు. ఇద్దరు పిల్లల నిబంధన అమలైన ఐదు రాష్ట్రాల్లో, ఒడిశా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ వాటిలో ఉన్నాయి, నిర్మలా బుచ్‌ అనే విశ్రాంత ఐఏఎస్‌ అధికారిణి పరిశోధన చేసి 2005లో ఫలితాలు ప్రచురించారు. పదవి కాపాడుకోవడానికి భార్యను వదిలేసినవారు, పుట్టిన బిడ్డ తమది కాదన్నవారు, బిడ్డను దత్తత పేరుతో పంపేసినవారు, గర్భస్రావం చేయించినవారు ఆ పరిశోధనలో కనిపించారు. మహిళలకు రిజర్వేషన్‌ ఇచ్చిన చేత్తోనే పిల్లల సంఖ్య పేరుతో అడ్డుగోడ కట్టడం సబబేనా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. హర్యానా నిబంధనను సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది, ఆ తర్వాత కొన్నేళ్లకే హర్యానా దాన్ని ఎత్తేసింది. కోర్టు చెల్లుతుందన్న చట్టం మంచిదై తీరాలనేమీ లేదు. నా అభిప్రాయం అడిగితే, ఎన్ని కాన్పులు జరగాలో చాలా ఇళ్లలో భార్య చేతిలో లేనప్పుడు ఆ సంఖ్యను బట్టి ఆమె పదవి తీసేయడం అన్యాయం. అయినా చట్టం ఉన్నంతకాలం ఉన్నట్టే.

మీ ఉత్తరంలో మరో లోటు నాకు కనిపించింది. ఆశా కార్యకర్త మిమ్మల్ని ఆపరేషన్‌ చేయించుకోమంది. మీ ఆయనను ఎవరైనా అడిగారా? అడిగి ఉండరు. అత్యవసర పరిస్థితి నాటి బలవంతం తర్వాత మగవాళ్ల ఆపరేషన్‌ అంటే ఊళ్లు బెదిరిపోయాయి, ప్రభుత్వాలూ ఓట్ల భయంతో ఆ ఊసు తగ్గించి బరువంతా ఆడవాళ్ల మీదికి జరిపాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో వివాహిత స్త్రీలలో ఆపరేషన్‌ అయినవారు దాదాపు 38 శాతం ఉంటే, భర్తకు ఆపరేషన్‌ అయిన కుటుంబాలు 0.3 శాతం మాత్రమే. ఈ లెక్కల్లోనే మీకు పనికొచ్చే మరో విషయం ఉంది. ఆడవాళ్ల ఆపరేషన్‌ ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, ఒడిశాలో 28 శాతం. అయినా ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య అక్కడ 1.7 అయితే ఇక్కడ 1.8. పాతపట్నంలో మీ ఈడు ఆడపిల్లకు పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్‌ అనేది ఆనవాయితీ అయిపోయింది. నది దాటి ఇటు వస్తే మాత్రలు, కాపర్‌-టి, కండోమ్‌, రోజుల లెక్క వంటి రకరకాల పద్ధతులతో ఇంచుమించు అంతే చిన్న కుటుంబాలు ఏర్పడుతున్నాయి. ఆపరేషన్‌ ఒక్కటే దారి అని ఎవరైనా అంటే అది ఆ రాష్ట్రపు అలవాటు మాత్రమే, వైద్యశాస్త్రం చెప్పే మాట కాదు.

ఆశా కార్యకర్తను తప్పు పట్టకండి. కేసు తీసుకెళితే ఆమెకు ప్రోత్సాహక సొమ్ము వస్తుంది, పైనుంచి ‘ఎంతమంది అయ్యారు’ అన్న ఆరా కూడా ఆగదు. లక్ష్యాలు కాగితం మీద 1996లోనే పోయాయి, నెలవారీ సమావేశాల్లో మాత్రం పోలేదు. నేను ఈ జిల్లాల్లో ఆరోగ్య విభాగంలో పనిచేసిన రోజుల్లో చలికాలం ఆపరేషన్‌ రోజు ఎలా ఉండేదో చెబుతాను. తెల్లవారకముందే వరండాలో చాపలు పరుచుకుని వరుసగా కూర్చున్న ఆడవాళ్లు, రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు లేవు, ఒడిలో పాలు తాగే బిడ్డలు, పక్కన బిడ్డను అందుకోవడానికి వచ్చిన అత్తో అమ్మో. ఒడియాలో అచ్చయిన అంగీకార పత్రం చేతులు మారుతూ వస్తుంది, స్టాంపు ప్యాడ్‌ దాని వెనకాలే వస్తుంది. ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించమని అడిగిన తెలుగు తల్లిని నేను చూసింది చాలా అరుదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ జిల్లాలో అలాంటి శిబిరాల్లో ఆపరేషన్‌ చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు. ఒక శిబిరంలో ఒకే రోజు 83 మందికి ఆపరేషన్లు చేశారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఆపేయాలని, ఆపరేషన్‌ వల్ల కలిగే ఫలితాలను రోగికి తెలిసిన భాషలో వివరించాకే సమ్మతి తీసుకోవాలని ఆదేశించింది. కాబట్టి మీరు ఎప్పుడు వెళ్లినా ఆ పత్రాన్ని తెలుగులో చదివి చెప్పమని అడగడం మీ హక్కు. ఇది శాశ్వతమైనదని, అరుదుగానైనా విఫలం కావచ్చని, టేబుల్‌ ఎక్కే క్షణం వరకు వద్దనే స్వేచ్ఛ ఉందని, వద్దన్నంత మాత్రాన ఇతర వైద్య సేవలు ఆపరని అందులో ఉంటుంది.

భర్త సంతకం అవసరం లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాల ప్రకారం 22 నుంచి 49 ఏళ్ల మధ్య వయసుండి, పెళ్లయి, ఏడాది దాటిన బిడ్డ ఒకరైనా ఉన్న స్త్రీ తన సమ్మతితోనే ఆపరేషన్‌ చేయించుకోవచ్చు. ఆసుపత్రిలో ఎవరైనా అలవాటు కొద్దీ మీ ఆయన సంతకం అడిగితే ఈ మాట చెప్పండి. గర్భస్రావం విషయంలోనూ పద్దెనిమిది నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. గర్భనిరోధక పద్ధతి విఫలమై గర్భం వస్తే 20 వారాల వరకు ఒక్క వైద్యుని అభిప్రాయంతో చట్టబద్ధంగా చేయించుకోవచ్చు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆమెను మూర్ఖురాలిగా చూడకండి. 1990ల ఆరంభంలో ఒడిశాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో వందకు పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. 2019-21 సర్వే నాటికి ఆ సంఖ్య 36 దగ్గరికి వచ్చింది. ‘ఇంకొకరుంటే మంచిది’ అన్న భయం ఆమె తరానికి అనుభవం నేర్పింది. అయితే మగపిల్లాడి కోసం అనే మాట వేరు. మూడోసారి కూడా ఆడపిల్ల పుట్టే అవకాశం ఇంచుమించు సగానికి సగం ఉంటుంది, అది నిర్ణయమయ్యేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము వల్ల. అప్పుడు నాలుగోదా? స్కానింగులో చూపించుకుందామనే మాట ఎవరి నోటి వెంట వచ్చినా అది 1994 చట్టం ప్రకారం నేరం, చూసిన డాక్టరుకు, చూపించమన్న కుటుంబసభ్యులకు కూడా. మీ అత్తగారితో వాదనకు దిగకుండా ఒక్కటే అడిగి చూడండి: ‘మూడోది కూడా ఆడపిల్లే అయితే మీరు ఎలా పెంచమంటారు?’ ఆమె చెప్పే జవాబును మీ ఆయన కూడా వినేలా అడగండి.

మిమ్మల్నే అడగాల్సిన ప్రశ్న ఇక మిగిలింది. అత్తగారు, ఎన్నిక, ఆశా కార్యకర్త ఎవరూ లేరనుకుంటే మీకు మూడో బిడ్డ కావాలా? కావాలనిపిస్తే అది సిగ్గుపడాల్సిన కోరిక కాదు. అప్పుడు సర్పంచి పోటీని వదులుకోవాల్సి వస్తుంది, గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే ఒడిశా ప్రభుత్వ మమతా పథకం సొమ్ము కూడా సాధారణంగా మొదటి రెండు కాన్పులకే వస్తుంది. సిజేరియన్‌ జరిగి మూడేళ్లయింది కాబట్టి ఎడం ఫరవాలేదు, అయినా ముందుగా స్త్రీల వైద్యురాలికి పాత డిశ్చార్జి కాగితం చూపించి, రక్తం పరీక్ష చేయించుకుని, కాన్పు పెద్ద ఆసుపత్రిలోనే జరిగేలా చూసుకోండి. వద్దనిపిస్తే అదీ మీ హక్కే. ఇంకా తేల్చుకోలేకపోతే, మీరు రాసిన తీరు చూస్తే నాకు అలాగే అనిపించింది, ఆపరేషన్‌ వైపు తొందరపడకండి. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఇతరుల ఒత్తిడికి లొంగి చేయించుకుని, నాలుగేళ్ల తర్వాత తిరిగి కలిపించుకోవచ్చా అని అడుగుతూ వచ్చినవాళ్లను నేను చూశాను. తిరిగి కలపడం ఖర్చుతో కూడుకున్నది, ఫలిస్తుందన్న నమ్మకమూ లేదు.

తేల్చుకునేదాకా వాడుకోవడానికి ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా దొరికేవి ఉన్నాయి. కాపర్‌-టి 380 రకం పదేళ్ల దాకా పనిచేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. ‘అంతర’ ఇంజెక్షన్‌ మూడు నెలలకొకసారి. దానితో నెలసరి క్రమం తప్పుతుంది, మానేశాక గర్భం నిలవడానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ‘ఛాయ’ మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. ఎన్నికలు దాటేదాకా అనుకుంటే కాపర్‌-టి మీ పరిస్థితికి సరిపోతుందని నా ఉద్దేశం, మీకు రక్తహీనత, అధిక రక్తస్రావం ఉంటే మాత్రం డాక్టరు మరొకటి చెప్పవచ్చు.

ఇద్దరూ కలిసి ఇక చాలనుకుంటే మీ ఆయన పేరు ముందు రాయించండి. కత్తిగాటు లేని వేసెక్టమీకి అరగంట కూడా పట్టదు, మత్తు ఆ చోటు వరకే ఇస్తారు, అదే రోజు ఇంటికి వస్తారు. పొలం పని చేసే ఒంట్లో సత్తువ తగ్గదు, మగతనానికి లోటు రాదు. అయితే మూడు నెలల పాటు వేరే జాగ్రత్త తీసుకుని, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే నిశ్చింతగా ఉండాలి. 2014లో ప్రకటించిన రేట్ల ప్రకారం ఒడిశాలో ఆడవారికి 1,400, మగవారికి 2,000 రూపాయలు కూలి నష్టం కింద ఇస్తారు. ఇప్పుడెంతో ఆరోగ్య కేంద్రంలో కనుక్కోండి, ఆ డబ్బు కోసం మాత్రం ఎవరూ చేయించుకోవద్దు.

సిరోంచ, ధర్మాబాద్‌ వైపు నుంచి ఈ పేజీ చదివే తెలుగువారికి ఒక మాట కలుపుతాను. మహారాష్ట్రలో గ్రామ పంచాయతీ పోటీకి 2001 సెప్టెంబరు 12 తర్వాత పుట్టిన మూడో బిడ్డ అడ్డం వస్తుంది. అంతేకాక 2005 నాటి చిన్న కుటుంబ నియమాల వల్ల ప్రభుత్వ ఉద్యోగ నియామకంలోనూ, 2006 మార్చి 28 తర్వాత మూడో బిడ్డ పుట్టి ఉంటే, అనర్హత వస్తుంది. మీ పిల్లల్లో ఉద్యోగానికి చదువుతున్నవారు పెళ్లికి ముందే దీన్ని తెలుసుకోవడం మంచిది.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, తల్లి దగ్గర విశ్రాంతి దొరుకుతుందని ఆపరేషన్‌ పాతపట్నం వైపు చేయించుకోవాలనుకుంటే అభ్యంతరం ఏమీ లేదు. కాకపోతే కుట్లు విప్పేదాకా అక్కడే ఉండండి, ఆపరేషన్‌ ధ్రువపత్రం అసలు ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి, నకలు మీ ఊరి ఏఎన్‌ఎంకు ఇవ్వండి. ఆ తర్వాత ఎప్పుడైనా నెల తప్పితే రెండు వారాలు దాటనివ్వకుండా పరీక్ష చేయించుకోండి. ఆపరేషన్‌ విఫలమైతే పరిహారం ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంది, దానికి దరఖాస్తు విషయం తెలిసిన నాటి నుంచి 90 రోజుల్లోపు, ఆ ధ్రువపత్రం జతచేసి పెట్టాలి.